గాల్లో పద్దెనిమిదిన్నర గంటలు.. గుమ్మం చేరేసరికి రెండు రోజులు

మొన్న సంక్రాంతికి ముందు మా ఊళ్లో వరసకి బాబాయ్ అయ్యే పెద్దాయన పోయాడు. తిరువూరుకి దగ్గర్లోనే మా ఊరు. ఆదివారం తెల్లారుజామున అయిదింటికి ప్రాణం పోయింది. ఒక్కడే కొడుకు, డాలస్ లో ఉద్యోగం. తలకొరివి పెట్టాల్సింది వాడే కాబట్టి తిరువూరు నుంచి ఫ్రీజర్ బాక్స్ తెప్పించి ఆయన్ని అందులో పడుకోబెట్టారు. ఇంక అరుగు మీద కూర్చున్నోళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "పిల్లోడు ఎప్పుడొస్తాడు?"

అక్కడే ఉన్న ఒక కుర్రోడు ఫోన్ తీశాడు. హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు అని చూపించింది. విమానం గంటకి 900 పోద్ది, భాగిస్తే 16 గంటలు. "ఈ పూట ఎక్కితే రేపు మధ్యాహ్నానికి ఇక్కడుంటాడు" అని తేల్చేశాడు. ఆ లెక్క నమ్మి సోమవారం సాయంత్రమే కార్యక్రమం అని సత్తుపల్లి, గంపలగూడెం, మధిర చుట్టాలందరికీ ఫోన్లు పోయినయ్.

సోమవారం సాయంత్రమైంది, చీకటి పడింది, తమ్ముడు రాలేదు. డప్పులోళ్లు వచ్చి కూర్చుని వెళ్లిపోయారు. ఇంటికాడ గొడ్లున్నయ్ అని చుట్టాలు కొందరు లేచారు. ఆ లేచేటప్పుడే ఒక పెద్దమనిషి అన్నాడు, "రావాలని ఉంటే రాడా? ఇమానమే గదా, నడిచొస్తన్నాడా ఏంటి" అని. మంగళవారం పొద్దున ఎనిమిది కాకముందే వాడు కారు దిగాడు. పనులన్నీ అయ్యాక ఆ మాట వాడి చెవిన కూడా పడింది.

ఆ మాట అన్నప్పుడు నేనూ అరుగు మీదే ఉన్నా. అడ్డం చెప్పలేదు. ఎందుకంటే పదహారు గంటలది రెండు రోజులు ఎందుకైందో అప్పుడు నాకూ తెలవదు. తర్వాత వాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని గంట గంటా రాసుకున్నా. మన మండలంలో ఇప్పుడు అమెరికాలోనో, గల్ఫ్ లోనో, ఆస్ట్రేలియాలోనో ఒక మనిషి లేని వీధి తక్కువ. ఇలాంటి అరుగు రేపు మీ ఇంటి ముందు కూడా ఉండొచ్చు. అందుకే ఇది రాస్తన్నా.

ముందు ఆ 14,400 సంగతి చూద్దాం, అది అబద్ధం కాదు. భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు. అంటే భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దూరం 20 వేలకి మించి ఉండదు, అంతకంటే దూరం పోయామంటే వెనక్కి వస్తన్నట్టే. అందులో 14,400 అంటే భూమి చుట్టూ మూడో వంతు పైనే చుట్టినట్టు.

ఆ దూరం ఏ దారిలో కొలిచారు అనేది అసలు తమాషా. బడిలో గోడకి తగిలించిన మ్యాపు చూస్తే అమెరికా మనకి పడమటి పక్క, చాలా దూరంగా కనిపిస్తది. కాబట్టి విమానం అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటుకుంటా పోద్దని అనుకుంటాం. ఒక బత్తాయి కాయ తీసుకోండి. దానిమీద ఇటు పక్క ఒక చుక్క, అటు పక్క ఒక చుక్క పెట్టి మధ్యలో దారం బిగించి లాగండి. దారం అడ్డంగా చుట్టుకుని పోదు, తొడిమ వైపు జారి ఆ దగ్గర నుంచి దాటుద్ది. అదే దగ్గర దారి. భూమికి ఆ తొడిమ ఉత్తర ధ్రువం.

మన తిరువూరు 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 177 డిగ్రీల చిల్లర. 180 అయితే కచ్చితంగా భూమికి ఎదురు పక్క గీత అవుద్ది. అంటే డాలస్ మనకి పడమర కాదు, దాదాపు నిట్టనిలువు ఉత్తరం. బోసుబొమ్మ సెంటర్లో నిలబడి కాకపోయినా మీ డాబా మీద నిలబడి ధ్రువ నక్షత్రం వైపు ముఖం పెట్టి ఆపకుండా పోతే హిమాలయాలు, టిబెట్, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి మూడు వందల కిలోమీటర్ల లోపు నుంచి మంచు సముద్రం మీదగా పోయి, కెనడాలో దిగి, అమెరికా నడిమధ్య నుంచి డాలస్ చేరతారు. నాకీ సంగతి తెలిసినరోజు కాసేపు నవ్వొచ్చింది. డాలస్ పోయినోడికోసం ఇన్నేళ్లూ మేం పడమటి వైపు చూస్తన్నాం.

మరి ఆ దారిలో విమానం తిన్నగా పోదా అంటే, హైదరాబాద్ నుంచి డాలస్ కి నాన్ స్టాప్ సర్వీసు లేదు. పోలేక కాదు. ఇప్పుడు ప్రపంచంలో అన్నిటికంటే పొడుగు సర్వీసు సింగపూర్ నుంచి న్యూయార్క్, 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైన ఒకే ఎగురుడు. దానిముందు మన 14,400 చిన్నదే. కానీ పోగలగడం వేరు, రోజూ నడపడం వేరు.

ముందు ఇంధనం సంగతి. అంత దూరాలకి వాడే బోయింగ్ 777-200 ఎల్ఆర్ విమానంలో 1,81,000 లీటర్ల ఇంధనం పడతది. మన హైవే మీద పోయే 20 వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది కలిపితే అంత. అంత బరువు మొయ్యాలంటే దానికే ఇంకొంత ఇంధనం కాల్చాలి. అంటే చివరి రెండు మూడు గంటల ఇంధనం, మొదటి పద్నాలుగు గంటలూ ఉత్త బరువు. దాన్ని మోసినందుకు అయ్యే ఖర్చూ టికెట్లోనే కలుస్తది. దాంతోపాటు డ్యూటీ గంటల రూలు ప్రకారం ఒక జట్టు పైలట్లు నడుపుతుంటే ఇంకో జట్టు పడుకోవాలి, నలుగురు కావాలి. ఇంత పెట్టి రోజూ సీట్లన్నీ నిండకపోతే కంపెనీ మునుగుద్ది. మధ్యలో ఒకచోట దించి ఇంధనం పట్టి, పది ఊళ్ల జనాన్ని అక్కడ కలిపి ఒకే విమానంలో ఎక్కించుకుంటే చవక. దుబాయ్, దోహా అంత పెద్దవి కావడానికి కారణం అదే. సత్తుపల్లోళ్లూ, విస్సన్నపేటోళ్లూ, మైలవరమోళ్లూ బెజవాడ బస్టాండ్ లో దిగి బస్సులు మారినట్టన్నమాట.

మనోళ్లు ప్రయత్నం చెయ్యలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్, చికాగో మధ్య నాన్ స్టాప్ మొదలుపెట్టింది, వారానికొకటి. దూరం 13,300 కిలోమీటర్ల దాకా. ఎక్కువ కాలం నిలవలేదు. అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మొదటి నాన్ స్టాప్ వచ్చింది. కెప్టెన్ జోయా అగర్వాల్, మన తెలుగు పేరున్న కెప్టెన్ పాపగారి తన్మయితో కలిపి కాక్ పిట్ లో నలుగురూ మహిళలే. ఉత్తర ధ్రువం మీదగా దాదాపు 14 వేల కిలోమీటర్లు, పదిహేడు గంటలకు పైగా నడిపారు. జనవరి 9 రాత్రి అక్కడ లేచి, 11 తెల్లారుజామున బెంగళూరులో దిగింది. మధ్యలో పదో తారీకు మొత్తం గాల్లోనే అయిపోయింది. ఈ తారీకుల సంగతి కిందకి మళ్లీ వస్తా, అరుగు మీద మేం తప్పింది అక్కడే.

ధ్రువం మీదగా పోవడం అంటే గూగుల్ లో గీత గీసినంత తేలిక కాదు. రెండింజన్ల విమానానికి ఒక ఇంజను ఆగిపోయినా రెండో దానితో ఇన్ని నిమిషాల్లోపు దిగగలిగే ఎయిర్ పోర్టు దారి పొడుగునా ఉండాలని రూలు. మంచు సముద్రం మీద ఎయిర్ పోర్టులు ఎక్కడ దొరుకుతయ్? చలి ఇంకోటి. విమానాల్లో వాడే ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడతది, అక్కడ బయట గాలి అంతకంటే చల్లగా కూడా ఉంటది. కాబట్టి పైలట్లు ట్యాంకులో ఇంధనం ఎంత చల్లబడిందో చూసుకుంటా పోవాలి, మరీ పడిపోతే కిందకి దిగో, దారి మార్చో, వేగం పెంచో నడపాలి.

ఆ రూలు ఎందుకో 2023 జూన్ 6న తెలిసొచ్చింది. ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో పోయే ఎయిర్ ఇండియా విమానానికి ఒక ఇంజన్లో ఇబ్బంది వచ్చి, రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్లో దించారు. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. చిన్న ఊరు, అంతమందికి హోటళ్లు చాలక హాస్టళ్లలో, బళ్లో సర్దారు. ఇండియా నుంచి ఇంకో విమానం పోయి ఎక్కించుకుంటే 8వ తారీకుకి శాన్ ఫ్రాన్సిస్కో చేరారు. అందరూ క్షేమం. పదహారు గంటల ప్రయాణం రెండు రోజులైంది, అంతే. అయినా ఆ ఎయిర్ పోర్టు అక్కడ ఉండబట్టే అంతటితో పోయింది.

ఇంక ఆకాశానికి కూడా గేట్లుంటయ్. ప్రతి దేశానికీ తన నేల మీద గాలి తనదే, వద్దంటే రాకూడదు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైనాక 2022 నుంచి అమెరికా, యూరప్ కంపెనీల విమానాలు రష్యా మీదగా పోవడానికి లేదు. ప్రపంచ పటంలో రష్యా ఎంత ఉంటదో తెలుసు గదా, దాన్ని చుట్టుకుని పోవాలి. మన ఎయిర్ ఇండియాకి, గల్ఫ్ కంపెనీలకి ఆ అడ్డు లేదు. కానీ 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకి తన గగనతలం మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలు ముందు కిందకి అరేబియా సముద్రం వైపు దిగి, చుట్టు తిరిగి పోవాల్సి వచ్చింది. అమెరికా సర్వీసులు కొన్ని ఇంధనం కోసం వియన్నాలోనో, కోపెన్ హేగన్ లోనో ఆగినయ్. ఆ జూన్ లోనే ఇరాన్ గొడవలో ఖతార్ తన గగనతలం కొన్ని గంటలు మూసేస్తే, దోహా మీదగా పోయే మనోళ్లు ఎక్కడోళ్లక్కడ ఇరుక్కుపోయారు. ఎయిర్ పోర్టులు కదల్లేదు, దూరమూ మారలేదు. ప్రయాణం మాత్రం గంటల లెక్కన పెరిగింది.

దారి ఇలా మారినా, మధ్యలో ఒకచోట దిగినా, దూరం పెద్దగా పెరగకపోవడం కూడా చూడండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డాలస్ 12,900. కలిపి 15,450. లండన్ మీదగా పోతే 7,750, అక్కడి నుంచి 7,640, కలిపి 15,390. మ్యాపు మీద దుబాయ్ ఎక్కడ, లండన్ ఎక్కడ! అయినా రెండు దారులకీ తేడా వంద కిలోమీటర్లు కూడా లేదు. తిన్నటి దారి 14,400తో పోలిస్తే ఎటుపోయినా పెరిగేది వెయ్యి కిలోమీటర్లు, అంటే విమానానికి గంట పైచిలుకు. "దుబాయ్ మీదగా పోతే చుట్టూ తిరిగినట్టు, లండన్ అయితే తిన్నగా" అని చెప్పి ఎక్కువ రేటు టికెట్ అంటగట్టేటోళ్లు ఉంటారు. దూరం చూసి మాత్రం ఎక్కువ డబ్బులు పెట్టకండి. చూడాల్సింది మధ్యలో ఎన్ని గంటలు కూర్చోబెడతన్నారు అనేది.

గాలి సంగతి కూడా చెప్పాలి. తొమ్మిది, పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి ఒక గాలి ఏరులా పారుతుంటది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో గట్టిగా ఉంటది. గంటకి 150, 200 కిలోమీటర్లు మామూలు, ఒక్కోసారి 300 కూడా దాటుద్ది. సాగర్ కాలవలో వాలుకి ఈదినట్టు, ఎదురు ఈదినట్టు. విమానం ఇంజను వేగం అదే, నేలతో పోలిస్తే మాత్రం వేగం మారిపోద్ది. అందుకే దుబాయ్ నుంచి డాలస్ పోవడానికి పదహారు గంటలు దాటితే, డాలస్ నుంచి దుబాయ్ రావడానికి పదిహేను చాలు. పోయేటప్పుడు ఆ గాలిని తప్పించుకుంటా దారి వేస్తారు, వచ్చేటప్పుడు దాన్ని వెతుక్కుంటా వస్తారు. రోజూ గాలి చూసి ఆ రోజు దారి గీస్తారు. అమెరికా పోయేదానికంటే ఇంటికి రావడం కాస్త దగ్గర అని మా తమ్ముడు నవ్వుతా అన్నాడు.

ఇంక వాడి యాభై గంటలకి వద్దాం. అన్నీ మన టైములోనే చెప్తా, లేకపోతే బుర్ర తిరుగుద్ది.

ఆదివారం పొద్దున అయిదింటికి ఇక్కడి నుంచి ఫోన్ పోయింది. అక్కడ అప్పుడు శనివారం సాయంత్రం అయిదున్నర. ఆ రాత్రికి దొరికే విమానం దొరకలేదు. ఆఫీసుకి చెప్పాలి, పాస్ పోర్టు, వీసా కాగితాలు సర్దుకోవాలి, అప్పటికప్పుడు కొనే టికెట్ కి డబ్బులు చూసుకోవాలి. ఈ వీసా సంగతి మనకి ఇక్కడ అర్థం కాదు. స్టాంపు గడువు అయిపోయినోడు ఇండియా వస్తే, మళ్లీ స్టాంపు పడేదాకా తిరిగి పోలేడు. తండ్రి పోయినా రాలేక వీడియో కాల్ లో కర్మ చూసినోళ్లు ఉన్నారు, వాళ్లకి దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. మావాడికి స్టాంపు ఉంది, అదృష్టం. డాలస్ టైము ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటి విమానంలో సీటు దొరికింది. మనకి అది ఆదివారం రాత్రి పదకొండున్నర. అంటే ఫోన్ మోగిన కాడి నుంచి విమానం లేచేదాకానే పద్దెనిమిదిన్నర గంటలు.

దుబాయ్ దాకా పదిహేను గంటలు. మన టైము సోమవారం మధ్యాహ్నం రెండున్నరకి దిగాడు. హైదరాబాద్ విమానంలో సీటు ఉన్నది రాత్రి తొమ్మిదిన్నరకి. ఏడు గంటలు అక్కడ బెంచీ మీద. మేం ఇక్కడ అరుగు మీద సణుక్కుంటున్న సోమవారం సాయంత్రం, వాడు దుబాయ్ లో బోర్డు వంక చూస్తా కూర్చున్నాడు. అక్కడి నుంచి మూడున్నర గంటలు. మంగళవారం అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి శంషాబాద్. ఇమ్మిగ్రేషన్, సామాను, బయటికి వచ్చేసరికి రెండుంపావు. కారులో సూర్యాపేట, ఖమ్మం మీదగా తిరువూరు దాటి ఇంటి గుమ్మం ముందు ఏడు ముప్పావుకి.

మొత్తం 50 గంటల 45 నిమిషాలు. అందులో గాల్లో ఉన్నది పద్దెనిమిదిన్నర గంటలు. సీటు కోసం డాలస్ లో కాసుకున్న టైమూ అంతే, పద్దెనిమిదిన్నర. మిగతాది దుబాయ్ బెంచీ, శంషాబాద్ క్యూ, రోడ్డు. అరుగు మీద కుర్రోడు చేసిన పదహారు గంటల లెక్కలో తప్పు ఏమీ లేదు, కాకపోతే లేని విమానానికి కట్టిన లెక్క అది.

ఈ రోడ్డు ముక్క దగ్గర నాకు కడుపు మండుద్ది. శంషాబాద్ నుంచి తిరువూరు దాదాపు 300 కిలోమీటర్లు, అయిదున్నర గంటలు. అదే అయిదున్నర గంటల్లో విమానం అయిదు వేల కిలోమీటర్లు పోద్ది, అంటే దుబాయ్ కి పోయి మళ్లీ దాదాపు వెనక్కి వచ్చేయొచ్చు. మనకి గన్నవరం అయితే డెబ్బై, ఎనభై కిలోమీటర్లే, రెండు గంటల్లో ఇంట్లో ఉండొచ్చు. పేరుకి అది అంతర్జాతీయ విమానాశ్రయమే. 2018 డిసెంబరులో సింగపూర్ కి మొదటి విదేశీ సర్వీసు కూడా లేచింది. కానీ అమెరికా నుంచి వచ్చేటోడికి గన్నవరం రావాలంటే ఢిల్లీలోనో, ముంబైలోనో, హైదరాబాద్ లోనో దిగి మళ్లీ ఇంకో విమానం పట్టుకోవాలి. అర్ధరాత్రి ఒంటిగంటకి శంషాబాద్ లో దిగినోడు పొద్దున మొదటి గన్నవరం విమానం కోసం కూర్చుంటే, గాల్లో గంటే అయినా ఇంటికొచ్చేసరికి తొమ్మిది అవుద్ది. కారే నయం. అలా అని అన్నిసార్లూ కారే నయం కాదు. రెండు రోజులు నిద్ర లేని మనిషిని ఎక్కించుకుని, తెల్లారుజామున మూడింటికి నిద్ర మత్తులో డ్రైవరు నడిపే కారు అది. దిగేది పగలైతే, పెళ్లికో పండక్కో వచ్చేటోళ్లైతే, డాలస్ నుంచి గన్నవరం దాకా ఒకే టికెట్ మీద తీసుకుని రావడమే మంచిది అని నా అభిప్రాయం.

ఆ "ఒకే టికెట్" మాట మీద ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి, కొత్తగా చదువుకి పోయే పిల్లలు డబ్బులు పోగొట్టుకునేది అక్కడే. హైదరాబాద్ నుంచి దుబాయ్ కి ఒక చవక టికెట్, దుబాయ్ నుంచి డాలస్ కి ఇంకో చవక టికెట్ విడివిడిగా కొంటే పది వేలో ఇరవై వేలో మిగులుద్ది. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమైతే రెండోది వెళ్లిపోద్ది, దానికి వాళ్లు పూచీ పడరు. టికెట్ మొత్తం పోయినట్టే. అదే ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాత విమానంలో కూర్చోబెట్టే బాధ్యత వాళ్లది. ఇంకోటి, అమెరికాలో రెండు ఊళ్లు మారాల్సి ఉంటే, మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్ క్యూ, అక్కడే సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. న్యూయార్క్ లో దిగి గంటన్నరలో డాలస్ విమానం పట్టుకోవచ్చని టికెట్ మీద ఉన్నా, క్యూ పెద్దదైతే చేతులెత్తేయాల్సిందే. మూడు గంటలైనా ఉంచుకోండి. మధ్యలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలో వద్దో టికెట్ కొనకముందే ఆ దేశం వెబ్ సైట్ లో చూసుకోండి, కొన్నాక కాదు.

తారీకుల సంగతి చెప్తానన్నా గదా. టికెట్ మీద ఎప్పుడైనా ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. హైదరాబాద్ లో ఆదివారం తెల్లారి నాలుగింటికి లేచి డాలస్ లో ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి దిగుతారు అని ఉంటది. చూసినోడు పదకొండున్నర గంటలే అనుకుంటాడు. దానికి ఇంకో పదకొండున్నర కలపాలి, 23 గంటలు. వచ్చేటప్పుడు తిరగబడుద్ది. మా తమ్ముడి టికెట్ మీద ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకి డాలస్, మంగళవారం రాత్రి ఒంటిగంటకి హైదరాబాద్ అని ఉంది. 37 గంటలు అనిపిస్తది, అందులోంచి పదకొండున్నర తీసేస్తే అసలుది ఇరవై అయిదున్నర. ఆదివారం సాయంత్రం వాడు పంపిన టికెట్ ఫొటో పిన్ని ఫోన్లో ఉంది, మంగళవారం అని అందులో కనపడుతూనే ఉంది. అది చూసి "డేటు తప్పు పడింది" అనుకున్నాం గానీ, మా లెక్క తప్పు అనుకోలేదు.

ఈ పదకొండున్నరలో అర ఎక్కడిది అని అడుగుతారు కొందరు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుద్ది. మన దేశం టైము 82.5 డిగ్రీల గీత మీద పెట్టారు, మన కాకినాడ దగ్గర నుంచి పోద్ది ఆ గీత. 82.5ని 15తో భాగిస్తే అయిదున్నర, గ్రీన్ విచ్ కి మనం అంత ముందు. డాలస్ ఆరు గంటలు వెనక. రెండూ కలిపితే పదకొండున్నర. అయితే మార్చిలో రెండో ఆదివారం నుంచి నవంబరులో మొదటి ఆదివారం దాకా వాళ్లు గడియారం గంట ముందుకి తిప్పుకుంటారు, అప్పుడు తేడా పదిన్నరే. ఎండాకాలం లెక్క సంక్రాంతికి వాడితే గంట తప్పుద్ది.

పెద్దకర్మ అయ్యాక తమ్ముడు తిరుగు ప్రయాణం పెట్టుకున్నాడు. "ఎప్పటికి చేరతావురా" అని పిన్ని అడిగితే, ఈసారి వాడు నోటితో చెప్పలేదు. పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు లైన్లు రాశాడు. శంషాబాద్ లో లేచేది, దుబాయ్ లో దిగేది, దుబాయ్ లో మళ్లీ లేచేది, డాలస్ లో దిగేది. నాలుగూ తిరువూరు టైములోనే, పక్కన వారం పేరుతో. కింద ఇంకో లైను, "దిగాక ఇంటికి పోవడానికి రెండు గంటలు, అప్పటిదాకా ఫోన్ రాకపోతే కంగారు పడొద్దు" అని. ఆ కాగితం టీవీ పక్కన గోడకి అంటించి ఉంది. ఆ రోజు మాట తూలిన పెద్దమనిషి మొన్న పరామర్శకి వచ్చి, కళ్లజోడు సర్దుకుని నాలుగు లైన్లూ పైకే చదివాడు. చదివి, "ఇంతసేపు పట్టుద్దని మాకేం తెలుసమ్మా" అన్నాడు పిన్నితో. ఆవిడేం మాట్లాడలేదు, టీ గ్లాసు ముందు పెట్టింది.